వర్గ సమీకరణం లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందో ఎలా కనిపెట్టాలి?

లెక్క మూడుసార్లు చూసుకున్నా తప్పు దొరకడం లేదు, జవాబు మాత్రం పుస్తకంతో కలవడం లేదు అని అడిగారు. పదో తరగతిలో నాదీ ఇదే బాధ. పైనుంచి మళ్లీ చదివితే మొదటిసారి పొరబడ్డ చోటే కన్ను మళ్లీ జారిపోతుంది. అందుకే మా అమ్మాయికి జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రమ్మని చెప్తాను.

మొన్న తను చేసిన లెక్క 2ఎక్స్² − 3ఎక్స్ − 5 = 0. మూలాలు 1, −5/2 అని రాసింది. రెండూ కూడమన్నాను: −3/2. ఎక్స్ గుణకం గుర్తు మార్చి ఎక్స్² గుణకంతో భాగిస్తే మొత్తం రావాలి, అంటే 3/2. చివరి పదాన్ని ఎక్స్² గుణకంతో భాగిస్తే లబ్ధం రావాలి, అది మాత్రం −5/2, సరిగ్గానే ఉంది. లబ్ధం కలిసి, మొత్తం గుర్తు ఒక్కటే మారిందంటే రెండు మూలాల గుర్తులూ తిరగబడ్డాయి. ఎక్స్ = (−బి ± √(బి² − 4ఏసి)) / 2ఏ అనే సూత్రంలో (ఏ, బి వరుసగా ఎక్స్², ఎక్స్ గుణకాలు, సి చివరి పదం) −బి దగ్గర −(−3) బదులు −3 వేసింది! నేరుగా ఆ లైనుకే వెళ్లి దిద్దుకుంది: 5/2, −1.

ఇదే లెక్కలో మొత్తం 6 వచ్చి ఉంటే, 2ఏ తో వర్గమూలాన్ని మాత్రమే భాగించి −బి ని వదిలేసినట్టు. విచక్షణి, అంటే వర్గమూలం కింద ఉండే బి² − 4ఏసి, 9 − 40 = −31 వచ్చిందా? అక్కడే ఆగండి. మొదటి గుణకం, చివరి పదం వేర్వేరు గుర్తుల్లో ఉంటే విచక్షణి ఎప్పుడూ రుణాత్మకం కాదు. ఇక్కడ అది 9 + 40 = 49.

మూలాలను సమీకరణంలో వేసి చూడటం కూడా మంచిదే, కానీ రెండూ వేయాలి. నేను (ఎక్స్ − 2)(ఎక్స్ − 3) = 2 లో ఒక్కో బ్రాకెట్‌ను 2 కి సమానం చేసి 4, 5 అని రాశాను. 4 వేసి చూస్తే సరిపోయింది, ధైర్యంగా పేపర్ ఇచ్చేశాను. 5 వేసి ఉంటే 6 వచ్చేది, తప్పు తెలిసిపోయేది. కుడివైపు సున్నా ఉంటేనే బ్రాకెట్లను విడదీయాలి. దీన్ని విప్పి రాస్తే ఎక్స్² − 5ఎక్స్ + 4 = 0, మూలాలు 1, 4.

ఇంకొకటి, ఎక్స్² = 5ఎక్స్ లాంటివాటిలో రెండువైపులా ఎక్స్ కొట్టేయకండి, 0 అనే మూలం పోతుంది.

మీ సమీకరణం, మీకు వచ్చిన రెండు మూలాలు రాయండి. ఏ లైన్లో జరిగి ఉంటుందో చూసి చెప్తాను.