బిళ్ల ఇవ్వనంటున్నారు, సూది వేస్తామంటున్నారు: నడుం నొప్పికి ఏది దారి?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లెటూరు. ఇరవై ఏళ్లు కొబ్బరికాయల లోడింగులో కళాసీగా పని చేశాను. ఎనిమిదేళ్లుగా నడుం నొప్పి. విశాఖలో ఎంఆర్‌ఐ తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన బిళ్లలు రాశారు. మొదట్లో రోజుకొకటి వేసుకునేవాణ్ణి, ఇప్పుడు నాలుగు. మూడేళ్లుగా అదే చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుంటున్నాను. రెండు నెలల కిందట కొత్త చీటీ లేనిదే ఇవ్వమన్నారు. రెండు రోజులు మానేస్తే చెమటలు, వాంతులు, కాళ్లు పీకుడు, కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు వేరేచోట ఎక్కువ డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాను. మా ఆర్‌ఎంపీ గారు అది మత్తుమందు, మానేసి రోజు విడిచి రోజు సూది వేయించుకోమంటున్నారు. నాలుగు వేయించుకున్నాను, బాగానే ఉంది. ఇంట్లోవాళ్లు కూడా నేను మత్తుకు అలవాటు పడ్డానంటున్నారు. నేను సారా చుక్క కూడా ముట్టను. ఏం చేయమంటారు? బెల్టు పెట్టుకుంటే తగ్గుతుందా?

జవాబు: ముందు ఆ సూదులు ఆపండి. మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు, ఇది మాత్రం ఇవాళే.

ఏం సూదో మీరు రాయలేదు. బహుశా మీకు చెప్పి కూడా ఉండరు. మన పల్లెల్లో నడుం నొప్పికి వేసేది ఎక్కువగా డైక్లోఫెనాక్. ఒక్కోసారి దానికి స్టెరాయిడ్ కూడా తోడవుతుంది. నాలుగు సూదులకే హాయిగా ఉందన్నారు, ఉంటుంది. అది నొప్పినీ వాపునీ రెండింటినీ తగ్గించే మందు. ఈ ఉత్తరం ఇంకెక్కడి నుంచో వచ్చి ఉంటే, కిడ్నీలు బాగుంటే నాలుగైదు రోజులకు పర్వాలేదు అనేవాణ్ణి. కానీ మీరు రాసింది సోంపేట నుంచి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ పేర్లు వింటే మా డాక్టర్లకు మొదట గుర్తొచ్చేది కొబ్బరీ జీడీ కాదు, క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎంత బాగా పని చేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఫలానా కారణమని ఇప్పటికీ తేలలేదు. నొప్పి మందులే కారణమని నేను అనడం లేదు. ఇప్పటికే దెబ్బతిని ఉండే అవకాశమున్న కిడ్నీ మీద ఇంకో దెబ్బ వేయొద్దంటున్నాను.

ఆ దెబ్బ ఎలా తగులుతుందో కూడా చెబుతాను. ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలు మూసుకుపోకుండా శరీరమే కొన్ని రసాయనాలు తయారుచేసుకుంటుంది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి మందులు నొప్పిని తగ్గించేది సరిగ్గా ఆ రసాయనాలను ఆపే. నొప్పి తగ్గుతుంది, కిడ్నీకి రక్తమూ తగ్గుతుంది. పైకి ఏమీ తెలియదు. కిడ్నీ సగం పాడయ్యే దాకా మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. అందుకే ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. మీకు పలాస దూరం కాదు. 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉన్నది ఇందుకే. సూదులు వేయించుకున్నానని అక్కడ దాచకుండా చెప్పండి.

ఇక మత్తు మాట. మీకు జరిగినదాన్ని మేం డిపెండెన్స్ అంటాం. నెలల తరబడి రోజూ ట్రమడాల్ పడితే నరాలు దానికి సర్దుకుపోతాయి. హఠాత్తుగా ఆపితే ఆ చెమటలు, వాంతులు, కాళ్ల పీకుడు, నిద్ర లేకపోవడం ఎవరికైనా వస్తాయి. మీ బదులు నేను మూడేళ్లు వేసుకున్నా వస్తాయి. వ్యసనం వేరు. మందు కోసం పనీ ఇల్లూ వదిలేసి, హాని జరుగుతోందని తెలిసినా ఆపుకోలేక, నొప్పి లేకపోయినా ఆ మజా కోసం వేసుకోవడం అది. మీ ఉత్తరంలో నాకది కనపడలేదు. ఈ ముక్క మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. అయితే వేరేచోట ఎక్కువ ధరకు కొనడం మొదలుపెట్టారు చూడండి, ఆ దారి మాత్రం మంచిది కాదు. చీటీ లేకుండా అమ్మేవాడు స్ట్రిప్పులో ఏముందో మీకు పూచీ పడడు. నిద్ర పట్టడం లేదంటే పక్కనే ఒక ఆల్ప్రజోలమ్ కూడా చేతిలో పెడతాడు. ట్రమడాల్, నిద్రమాత్ర కలిస్తే నిద్రలోనే ఊపిరి మందగించే ప్రమాదముంది.

షాపు వాళ్లను తప్పుపట్టకండి. ట్రమడాల్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లోనే మత్తు పదార్థాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ పరిధిలోకి తెచ్చింది. చట్టం ఉన్నా చాలాచోట్ల పాత చీటీ మీదే నడిచిపోయింది. తర్వాత తనిఖీలు పెరిగాయి. మన రాష్ట్రంలో 2025 మార్చిలో ఈగల్ అనే మత్తుమందుల నిరోధక పోలీసు విభాగం, విజిలెన్స్, డ్రగ్ కంట్రోల్ వాళ్లు కలిసి ఆపరేషన్ గరుడ పేరుతో మెడికల్ షాపుల మీద దాడులు చేశారు. దాంతో మూడేళ్ల నాటి చీటీకి బిళ్లలిస్తే లైసెన్సు పోతుందని షాపువాళ్లకు భయం పట్టుకుంది. ఆ భయం న్యాయమైనదే. ఇంకో జాగ్రత్త: ట్రమడాల్ లేదు, టపెంటడాల్ తీసుకోండి అనే మాటకు పడిపోవద్దు. అదీ ఆ జాతి మందే. దాన్ని కండరాల బిగువు తగ్గించే కారిసోప్రొడాల్‌తో కలిపి పశ్చిమాఫ్రికాకు ఎగుమతి చేస్తున్న సంగతి బయటపడ్డాక, ఆ కలయికను 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేయించింది.

నిజానికి తప్పు మాలోనూ ఉంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ట్రమడాల్ అంటే అలవాటు పడని, కడుపులో మంట పెట్టని, కిడ్నీని తాకని మంచి మందు అనుకునేవాళ్లం. నేనూ ధారాళంగా రాశాను. రాసేటప్పుడు ఎన్ని రోజులకో, ఎప్పుడు ఆపాలో రాయకపోవడం మా వృత్తిలో పాత జబ్బు.

ఇలాంటి మందుల మీద కట్టడి బిగించడం మంచిదే, కానీ బిగించే తీరు తప్పితే ఏమవుతుందో అమెరికాలో చూశాం. నల్లమందు జాతి మందులు (మీ ట్రమడాల్ కూడా ఆ జాతిదే) అక్కడ విచ్చలవిడిగా రాసి, మనుషులు చనిపోతుంటే 2016లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. చాలామంది డాక్టర్లు వాటిని కత్తెరలా వాడారు. పదేళ్లుగా మందు మీద ఉన్నవాళ్లకు కూడా ఒక్కసారిగా ఆపేశారు. దాంతో కొందరు ఆత్మహత్యకు పాల్పడ్డారని, హఠాత్తుగా ఆపొద్దని 2019లో మందులను నియంత్రించే అక్కడి ఎఫ్‌డీఏనే హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ తన మాట సవరించుకుంది. అందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది: ఏడాదికి పైగా వాడినవాళ్లకు నెలకు పదో వంతు చొప్పున తగ్గిస్తే ఎక్కువమంది తట్టుకోగలరు.

మీ లెక్క చూద్దాం. మీరు చెప్పిన రకం బిళ్లలో సాధారణంగా ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. నాలుగంటే రోజుకు 150 మిల్లీగ్రాముల ట్రమడాల్. ఎక్కువలో ఎక్కువ 400 దాకా రాస్తారు కాబట్టి మీది కంగారుపడాల్సిన డోసు కాదు. అయితే కిడ్నీ బలహీనంగా ఉంటే ఇదే మందు ఒంట్లో నిలిచిపోతుంది, అప్పుడు హద్దు బాగా తగ్గుతుంది. నాలుగు బిళ్లలంటే ఎనిమిది సగాలు. నెలకో సగం, అంటే ఆ పదో వంతుకు దగ్గరగా, తగ్గిస్తూ పోతే ఎనిమిది నెలల పని. ఏ పూటది ముందు తగ్గించాలి, మధ్యలో ఒక నెల ఆగాలా అన్నవి మీ డాక్టర్ మిమ్మల్ని చూసి నిర్ణయించాలి. మీరే కత్తిపీట పట్టుకుని మొదలుపెట్టకండి. అట్ట మీద ఎస్‌ఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని ఉంటే ఆ బిళ్లను విరగ్గొట్టకూడదు, రోజంతటి మందూ ఒక్కసారే దిగుతుంది. ఇంతకు ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే చెప్పండి. నరాల నొప్పికనో నిద్రకనో అమిట్రిప్టిలిన్ వంటివి వాడుతున్నా చెప్పండి. ట్రమడాల్‌తో అవి పడవు.

ఇంత చెప్పి ఆ చీటీ ఏదో మీరే రాసి పంపొచ్చు కదా అంటారేమో. కుదరదు. 2020 నాటి టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఎన్‌డీపీఎస్ మందులను మనిషిని చూడకుండా ఏ డాక్టరూ రాయకూడదు. శ్రీకాకుళం రిమ్స్‌కు వెళ్లండి. ఆర్థోపెడిక్ ఓపీలో చూపించి, అవసరమైతే సైకియాట్రీ ఓపీకి కూడా పంపమనండి. సైకియాట్రీ అనగానే ముఖం ముడుచుకోకండి, ఇలాంటి మందులను మెల్లగా దించడం వాళ్లకు రోజూ చేసే పని. పాత చీటీలు, ఎంఆర్‌ఐ, కొత్త రక్తపరీక్ష, ఖాళీ స్ట్రిప్పు పట్టుకెళ్లండి. "నొప్పికి బిళ్లలు రాయండి" అనకండి. "మూడేళ్లుగా రోజుకు నాలుగు వేసుకుంటున్నాను, తగ్గించుకోవాలనుకుంటున్నాను, ఆపితే ఇలా అయింది" అనండి. ఈ రెండు మాటలకూ డాక్టర్ మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది. ఆ తర్వాత ఒకే డాక్టర్, ఒకే షాపు. ఈలోగా బిళ్లలు దొరక్క ఆ చెమటలూ వాంతులూ మళ్లీ మొదలైతే ఇంట్లో పంతానికి ఓర్చుకోవద్దు, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. 14446 అనే ఉచిత నంబరుకు కూడా ఫోన్ చేయొచ్చు. అది మత్తు మాన్పించే హెల్ప్‌లైన్. పేరు చూసి మొహమాటపడకండి.

బిళ్ల పోతే నడుం ఎలా అన్నది మీ అసలు భయం. ఒకటి నాలుగైంది కదా, నొప్పి ఆ లెక్కన తగ్గిందా? మీ ఉత్తరం చూస్తే తగ్గినట్టు లేదు. బిళ్ల దిగే వేళకు వచ్చే పీకుడు కొంత నడుముది, కొంత ఆ బిళ్ల కోసం ఒళ్లు అడిగేది. ఆస్ట్రేలియాలో 347 మందికి కొత్తగా వచ్చిన నడుం, మెడ నొప్పులకు కొందరికి ఇదే జాతికి చెందిన ఆక్సికొడోన్, కొందరికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి చూశారు. ఆరు వారాల తర్వాత తేడా లేదు. 2023లో వచ్చిందా ఫలితం. మీది పాత నొప్పి, మందూ వేరు, నిజమే. కానీ పాత నడుం నొప్పికి కూడా ఈ జాతి మందులు వద్దని అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మీ ఎంఆర్‌ఐ గురించి కూడా ఒక మాట. డిస్కు ఉబ్బింది అన్న ముక్క చూసి ఎనిమిదేళ్లుగా నడుమును గాజు గిన్నెలా చూసుకుంటూ ఉండి ఉంటారు. నడుం నొప్పే లేని మనుషులకు తీసిన స్కాన్లన్నీ కలిపి చూస్తే, యాభై ఏళ్లవాళ్లలో వందకు అరవై మందికి డిస్కు ఉబ్బే ఉంది. నెరిసిన జుట్టు లాంటిదన్నమాట. మీ నొప్పి అబద్ధమని కాదు. ఆ ఫొటోను చూసి కదలకుండా కూర్చోవద్దని.

కదలడం అంటే మళ్లీ బస్తాలెత్తమని కాదు. రేపు ఉదయం ఎండెక్కకముందు పది నిమిషాలు తోటల్లో నడవండి. నొప్పి వస్తుంది. మర్నాటికి ఎప్పటిలా సర్దుకుంటే అది హాని చేసే నొప్పి కాదు. వారం తర్వాత పన్నెండు నిమిషాలు. అలా అరగంటకు రావడానికి రెండున్నర నెలలు పట్టినా ఫర్వాలేదు. నొప్పి తగ్గిన రోజు రెండింతలు నడిచి, మర్నాడు మంచమెక్కడం మన కష్టజీవులందరూ చేసే పొరపాటు. కాలు బాగుందని కాదు, గడియారం చూసి ఆగండి. నడుం నొప్పి తగ్గిన 701 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇలా నడక నేర్పితే వాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నడవని జట్టుకు 112. ఇదీ ఆస్ట్రేలియాదే, 2024 నాటిది. నడకకు తోడు ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగైదు సార్లు కూర్చుని మీకు సరిపడే వ్యాయామాలు నేర్చుకోండి. కరెంటు పెట్టించుకోవడానికి, నడుం లాగించుకోవడానికి డబ్బు తగలేయొద్దు. నేల మీద పడుకోవాలన్న నియమం కూడా ఏమీ లేదు. మరీ కుంగిపోని పరుపు చాలు.

బెల్టు అడిగారు. వద్దు. పాత నడుం నొప్పికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పెళ్లికో ప్రయాణానికో ఒక పూట ధైర్యానికి పెట్టుకుంటే నేను దెబ్బలాడను.

వీటిలో ఏది కనిపించినా ఈ నడకా గిడకా పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి: మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కూడా చూడాలి. మనవైపు అది అరుదేం కాదు.

ఆర్‌ఎంపీ గారితో గొడవ పెట్టుకోకండి, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. ఇప్పటిదాకా వేసిన సూది పేరు మాత్రం కాగితం మీద రాయించుకుని రిమ్స్‌కు తీసుకెళ్లండి. క్రియాటినిన్ రిపోర్టు రాగానే ఆ అంకె, బీపీ, షుగరు ఉందో లేదో రాసి పంపండి. బిళ్లలు తగ్గించే నెలల్లో పారాసిటమాల్ ఎంత దాకా వాడొచ్చో అప్పుడు చెబుతాను.