జువాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ కలిపి చదవొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ వద్దంటోంది. డిగ్రీలో జువాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ కలిపి చదువుతానంటోంది. ‘ఈ మూడింటికీ పొంతన లేదు, రేపు ఎందుకూ కొరగాకుండా పోతుంది’ అని వాళ్ళ నాన్నగారి భయం. సైకాలజీ కావాలంటే తర్వాత దూరవిద్యలో చేసుకోవచ్చని బంధువు ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి ఎంపిక గురించి చెప్తాను. ఈ మూడింటికీ పొంతన లేదనడం సరికాదు. ఒక ఊళ్ళో డెంగీ ఎందుకు పెరిగిందో తేల్చాలంటే దోమ ఎలా పుట్టి పెరుగుతుందో తెలియాలి. ఏ వీధిలో ఎన్ని కేసులు వచ్చాయో లెక్కగట్టి, ఆ తేడా యాదృచ్ఛికమో కాదో చెప్పగలగాలి. నీళ్ళ తొట్టికి మూత పెట్టమని ఆశా కార్యకర్త ఎన్నిసార్లు చెప్పినా జనం ఎందుకు పెట్టరో కూడా అర్థం కావాలి. మీ అమ్మాయి అడుగుతున్న మూడు సబ్జెక్టులూ అక్కడే ఉన్నాయి. ప్రజారోగ్యంలో పీజీ చేయాలనుకుంటే హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ ఉంది. అదే యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ, న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ కోర్సులు కూడా ఉన్నాయి. పదిహేడేళ్ళ పిల్ల తనంతట తాను ఈ మూడింటినీ ఒకచోట చేర్చిందంటే, ఆ ఆలోచనను తీసిపారేయకండి.

అయితే వాళ్ళ నాన్నగారి భయం కూడా ఉత్తది కాదు. డిగ్రీలో సబ్జెక్టులు కలపడం తేలికే. చిక్కు డిగ్రీ తర్వాత వస్తుంది. పీజీ ప్రవేశాలకైనా, ఉద్యోగ నోటిఫికేషన్లకైనా ‘ఈ సబ్జెక్టు డిగ్రీలో చదివి ఉండాలి’ అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు చాలాచోట్ల డిగ్రీలో గణితం కూడా చదివి ఉండాలంటారు. ఎమ్మెస్సీ జువాలజీకి జువాలజీ ఉండాలి. సైకాలజీ పీజీకి కొన్ని యూనివర్సిటీలు ఏ డిగ్రీ అయినా ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. డీఎస్సీలో బయాలజీ స్కూల్ అసిస్టెంట్‌ పోస్టుకు డిగ్రీలో బోటనీ, జువాలజీ లాంటి జీవశాస్త్ర సబ్జెక్టులు కనీసం రెండు అడిగే పద్ధతి ఉంది. జువాలజీ ఒక్కటే పెట్టుకుంటే ఆ దారి మూసుకుపోవచ్చు. టీచరు ఉద్యోగం మీ ఇంట్లో ఎవరి మనసులోనైనా ఉంటే ఆ మాట ఇప్పుడే బయటికి రావాలి. గ్రూప్స్, సివిల్స్ సర్వీసుల్లో ఎక్కువ పోస్టులకు ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి అటువైపు ఇబ్బంది లేదు.

ఇక మీ బంధువు ఇచ్చిన సలహా. దయచేసి దాన్ని పక్కన పెట్టండి. సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని 2025లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఆ ఏడాది జులై-ఆగస్టు ప్రవేశాల నుంచే అమలు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఆహార-పోషణ శాస్త్రం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఒకప్పుడు ఏ డిగ్రీ చేసినా తర్వాత దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ చేసుకునేవారు కాబట్టి ఆయన ఆ ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. ఇప్పుడు ఆ దారి లేదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. దానికి మండలి గుర్తించిన కోర్సు చేయాలి. అంటే సైకాలజీ మీద మీ అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉంటే దాన్ని కాలేజీకి వెళ్ళే చదవాలి.

అందుకే మూడు సబ్జెక్టులనూ ముందుగా ఒక ప్రశ్నతో విడదీయమంటాను. ఏది కాలేజీలోనే చదవాలి, ఏది బయట కూడా బాగా నేర్చుకోవచ్చు? జువాలజీకి ల్యాబ్ కావాలి, కాబట్టి కాలేజీలోనే. సైకాలజీ సంగతి పైన చెప్పాను. మిగిలిన స్టాటిస్టిక్స్‌ను మాత్రం బయట, సర్టిఫికెట్‌తో సహా, మంచి చోట నేర్చుకునే వీలుంది. జువాలజీతో స్టాటిస్టిక్స్ కలిపి ఇచ్చే కాలేజీలు ఎలాగూ అరుదే. స్టాటిస్టిక్స్ ఎక్కువగా గణితంతో జతగా ఉంటుంది. బైపీసీ పిల్లలకు పదో తరగతి తర్వాత గణితం తెగిపోతుంది, మీ అమ్మాయి ప్రణాళికలో బలహీనమైన చోటు అదే. ఉన్నట్టుండి డిగ్రీ క్లాసులో ఎంపీసీ పిల్లల పక్కన కూర్చుంటే మొదటి సెమిస్టర్‌లోనే బెంబేలెత్తిపోతారు.

దీనికి నాకు బాగా నచ్చిన మార్గం ఐఐటీ మద్రాస్ వారి బీఎస్ డేటా సైన్స్. 2020లో మొదలైన ఈ ఆన్‌లైన్ కోర్సుకు జేఈఈ అక్కర్లేదు. ఇంటర్ ఏ గ్రూపు అయినా ఫర్వాలేదు, పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు విని, అర్హత పరీక్ష పాసైతే సీటు ఇస్తారు. మొదటి దశ అయిన ఫౌండేషన్‌లో ఎనిమిది కోర్సులు, మొత్తం 32 క్రెడిట్లు (క్రెడిట్ అంటే చదివిన పాఠానికి కొలమానం). రెండు గణితం, రెండు స్టాటిస్టిక్స్, రెండు ఇంగ్లిష్, తర్కబద్ధంగా ఆలోచించడం నేర్పే కోర్సు ఒకటి, పైథాన్ ప్రోగ్రామింగ్ ఒకటి. పాఠాలు ఇంట్లో వినొచ్చు గానీ పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్ళి రాయాలి. ఫౌండేషన్‌తో ఆపేసినా సర్టిఫికెట్ వస్తుంది. ఓపిక ఉంటే డిప్లొమా, ఆపైన డిగ్రీ దాకా వెళ్ళొచ్చు. కుటుంబ ఆదాయాన్ని బట్టి, రిజర్వేషన్‌ను బట్టి ఫీజులో రాయితీ ఉంది. కాలేజీలో ఒక డిగ్రీ, ఆన్‌లైన్‌లో ఇంకొకటి ఒకేసారి చదవడానికి 2022లోనే యూజీసీ అనుమతి ఇచ్చింది. ఇది సులువని మాత్రం అనను. వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి. డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో వద్దు, కాలేజీకి అలవాటు పడ్డాక రెండో సెమిస్టర్‌లో మొదలుపెట్టమనండి. ఈలోగా ఇంటర్ ఫస్టియర్ గణితం పుస్తకాలు తెచ్చుకుని చూడటం మొదలుపెడితే మంచిది.

కొత్త విద్యా విధానంలో ఎలా కావాలంటే అలా కలుపుకోవచ్చట కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అందులో లెక్క ఏమిటో తెలుసుకోవాలి. 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు. థియరీలో ఒక్కో క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 15 గంటల పాఠం. మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు 60 క్రెడిట్లు, మైనర్‌కు, అంటే దానికి తోడుగా తీసుకునే సబ్జెక్టుకు 24. ఇతర రంగాల నుంచి తీసుకునే మల్టీడిసిప్లినరీ కోర్సులకు దక్కేది 9 మాత్రమే. నాలుగేళ్ళ ఆనర్స్ అయితే మొత్తం 160, మేజర్‌కు 80, మైనర్‌కు 32. డబుల్ మేజర్ అనిపించుకోవాలంటే రెండో సబ్జెక్టులో కనీసం 40 శాతం క్రెడిట్లు రావాలి. ఈ అంకెలు చూస్తే మీకే అర్థమవుతుంది: ఎంత స్వేచ్ఛ ఇచ్చినా సగం బరువు ఒక్క సబ్జెక్టు మీదే ఉంటుంది. బ్రోషర్‌లో ‘మల్టీడిసిప్లినరీ’ అని పెద్ద అక్షరాలతో వేసిన కాలేజీని అడగాల్సింది ఒక్కటే, ‘సైకాలజీలో మొత్తం ఎన్ని పేపర్లు, వాటిని చెప్పే అధ్యాపకులు ఎంతమంది?’ అని. సూటిగా జవాబు రాకపోతే అక్కడ చేర్చకండి.

ఏడాది చదివి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇచ్చే ఏర్పాటు కూడా ఈ చట్రంలో ఉంది. ఇంట్లో కష్టం వచ్చి చదువు ఆగిన పిల్లలకు ఆ క్రెడిట్లు దాచుకుని మళ్ళీ చేరే వీలు ఉండటం నిజంగా మేలు. కానీ ముందే అలా అనుకుని చేరకూడదు. ఏడాది సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చే సంస్థలు నాకు కనిపించలేదు.

మీరు తెలంగాణలో ఉన్నారు కాబట్టి దారి దోస్త్, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం. ఇక్కడ కాలేజీవారీగా కాంబినేషన్లు ఉంటాయి, విడివిడిగా మనకు కావలసిన సబ్జెక్టులు ఏరుకునే వీలు తక్కువ. సైకాలజీ, జువాలజీ రెండూ ఉన్న బీఎస్సీ కాంబినేషన్ ఎక్కడెక్కడ ఉందో వెబ్ ఆప్షన్లు పెట్టకముందే వెతకండి. హైదరాబాద్‌లో దొరికినంతగా జిల్లాల్లో దొరకదు కాబట్టి హాస్టల్ ఖర్చు లెక్కలో వేసుకోండి. రెండూ కలిసి దొరకకపోతే? నా మాటగా సైకాలజీ ఉన్న కాంబినేషన్‌నే తీసుకోమంటాను, జువాలజీ బదులు జెనెటిక్స్ లాంటిది వచ్చినా సరే. జీవశాస్త్రం పునాది ఇంటర్‌లో ఎంతో కొంత పడింది, సైకాలజీకి అది లేదు. నీట్ మళ్ళీ రాయాలనే ఆలోచన ఏ మూలనో ఉంటే మాత్రం ఈ సలహా మారుతుంది, ఆ సంగతి తనను నేరుగా అడిగి తెలుసుకోండి.

మీ అమ్మాయి ఈ ఏడాది సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాసి ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ హెల్త్ సైకాలజీని మొదటి ఎంపికగా పెట్టుకోవాలి. తను కోరుకుంటున్న దానికి అంత దగ్గరగా ఉన్న కోర్సు మన దగ్గర ఇంకొకటి నాకు తెలియదు. డిగ్రీ తర్వాత మళ్ళీ పీజీ సీటు కోసం పరుగెత్తే పనీ ఉండదు. ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లో ఇలాంటి కలయికలు బాగానే నేర్పుతారు గానీ ఖర్చు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. స్కాలర్‌షిప్ ఉత్తరం చేతికి రాకుండా అప్పు చేసి మాత్రం చేర్చవద్దు.

విదేశాల ఆలోచన ఉంటే ఇంకొక విషయం. అమెరికాలో పీజీకి చాలా యూనివర్సిటీలు మొత్తం 16 ఏళ్ళ చదువు అడుగుతాయి. ఇంటర్ దాకా 12, మూడేళ్ళ డిగ్రీ కలిపితే 15 అవుతుంది. ఆ ఉద్దేశం ఉన్నవాళ్ళకు నాలుగేళ్ళ ఆనర్సో, ఇంటిగ్రేటెడ్ కోర్సో మేలు.

ఈ వారంలో ఒక పని చేయండి. సైకాలజీ పీజీ, ఎంపీహెచ్, ఎమ్మెస్సీ జువాలజీ, మూడింటి అర్హత నిబంధనలనూ యూనివర్సిటీల వెబ్‌సైట్ల నుంచి ప్రింటు తీసి, తండ్రీ కూతుళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చదివించండి. మీరు అనుకుంటున్న కాంబినేషన్ వాటిలో కనీసం రెండింటికి సరిపోతే దోస్త్‌లో ఆ ఆప్షన్ పైన పెట్టండి. ఒక్కదానికే సరిపోతే ఇంకో కాంబినేషన్ వెతకండి.