మాస్టారి జవాబులు: ఒకే చాప మీద

ప్రశ్న: మా అమ్మమ్మ పాలకొల్లు దగ్గర మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివింది. మగపిల్లలతో కలిసి ఒకే చాప మీద కూర్చునేదాన్నని చెబుతుంది. మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఆ రోజుల్లో అది జరిగే పనేనా?
ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: నమ్మండమ్మా. నేనూ అలాంటి చాప మీదే అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత అలాంటి బడిలోనే 31 ఏళ్లు పాఠాలు చెప్పాను.

మీ వైపు ఈ కథ 1836లో మొదలైంది. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండ్ నుంచి బౌడెన్, బీర్ దంపతులు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లో అక్కడి కూలీలకు సువార్త చెప్పారు. సంఘం ఏర్పడిన పేటలో బడి కూడా పెట్టేవారు. బైబిలు చదవాలంటే అక్షరం రావాలి కదా, ఆడపిల్లకైనా అంతే. 1854లో ఇక్కడి చదువుల గురించి ఇంగ్లండ్ నుంచి కంపెనీ సర్కారుకు వచ్చిన ఉత్తరువు, ఉడ్స్ డిస్పాచ్‌తో ఇలాంటి బళ్లకు సర్కారు గ్రాంటు దొరికే దారి ఏర్పడింది.

కలిపి కూర్చోబెట్టడానికి ఇంకో కారణం, ఉన్నది ఒకే పాక, ఒకే పంతులు. ఆదివారం ప్రార్థన జరిగే తాటాకు పాకలోనే సోమవారం బడి. ఆడపిల్లలకు వేరే గది ఎక్కడ తెస్తారు? అయిదో తరగతి దాటాక పట్టణం బోర్డింగులో చేరితే మాత్రం, చాలాచోట్ల ఆడపిల్లలు వేరు, మగపిల్లలు వేరు.

మా బడి పాత అడ్మిషన్ రిజిస్టరు ఒకసారి బీరువాలోంచి తీశాను. బైండు ఊడిపోయింది, అంచులు పురుగు కొట్టేసింది. ఆడపిల్లలకు వేరే పేజీ లేదు. చేరిన వరుసలోనే అందరి పేర్లూ ఉన్నాయి. తండ్రి వృత్తి అన్నచోట పైనుంచి కింద దాకా 'కూలి', 'కూలి', 'కూలి'. బడి మానిన కారణం దగ్గర, నాలుగో తరగతి పిల్లకి 'పెండ్లి' అని రాశారు. ఆ కిందే ఒక పిల్లాడికి 'పాలేరు'. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మీ అమ్మమ్మగారి బడి ఇంకా నడుస్తుంటే వెళ్లి హెడ్మాస్టరుగారిని అడగండి. పుట్టినతేదీ జూలై 1 అని ఉంటే అది పంతులుగారి అంచనా అయ్యుండవచ్చు, చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరు కూడా చూడండి. పేరు దొరికితే ఆ పేజీ ఫోటో తీసుకుని, ఆమె పేరుకు పైనా కిందా ఉన్న పేర్లు చదివి వినిపించండి. ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో ఆవిడే చెబుతారు.