బంకమట్టి తగిలితే ఆగు

చిరంజీవి సుధకు, బాబాయి ఆశీస్సులు.

కలుషితమైన భూగర్భజలాన్ని బాగుచేసే పనిలో చేరుతున్నావని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. ఎంత గర్వపడ్డానో, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నమూనాకో కొత్త జత గ్లౌజులు, సీసా మీద అక్కడికక్కడే తేదీ, టైము. ఇవి నీకు తెలిసినవే. పెట్రోలు నీటి మీద తేలుతుంది, జిడ్డు వదలగొట్టే ద్రావకం ట్రైక్లోరోఇథిలీన్ మునుగుతుంది అని కూడా చదివే ఉంటావు. నేనూ చదివాను. చదివీ తప్పు చేశాను.

లోహపు భాగాల జిడ్డు వదలగొట్టే ఫ్యాక్టరీ అది. పై నీటిపొరలో ఆ ద్రావకం ఉందని తేలింది. దాని కింద రెండు మీటర్ల బంకమట్టి, ఆ కింద మంచినీళ్లు. అక్కడ బోరు వేసేటప్పుడు బంకమట్టిలోకి కాస్త దిగి ఆగాలి. బయటి కేసింగు దింపి, చుట్టూ సందు మూసే సిమెంటు ముద్ద, అదే గ్రౌటు, పోసి, అది గట్టిపడ్డాకే చిన్న బిట్‌తో కిందికి వెళ్లాలి. మర్నాడు రిగ్గు వెళ్లిపోతుందన్నారు. ఒక్కరోజు ఆగలేక ఒకే ఊపున తవ్వించేశాను. ఏళ్ల తరబడి ఆ మట్టి మీద మడుగుకట్టి ఉన్న విషానికి నేనే దారి వేశాను సుధా. మూడు నెలలకు కింది నీళ్లలో కనిపించింది. ల్యాబు వాళ్ల పొరపాటేమోనని మళ్లీ తీయించాను. మళ్లీ అదే. ఆ కాగితం పట్టుకుని కూర్చుంటే మీ పిన్ని పిలిచినా వినబడలేదు. మర్నాడు వెళ్లి నా నోటితోనే చెప్పాను. బోరును అడుగునుంచి గ్రౌటుతో నింపి మూసేశాం. అప్పటికే జారిపోయినది వెనక్కి రాలేదు.

కాబట్టి ఎవరు తొందరపెట్టినా రిగ్గు ఆపు. మాట పడాల్సొస్తే పడు. చిన్నప్పుడు ఎవరేమడిగినా కాదనలేక నీ బొమ్మలన్నీ ఇచ్చేసేదానివి. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు.

నీళ్లు తోడి శుద్ధి చేస్తుంటే మొదట్లో గాఢత చకచకా పడిపోతుంది. మురిసిపోకు. బంకమట్టిలోకి ఇంకినది ఏళ్లపాటు తిరిగి ఊరుతూనే ఉంటుంది. పంపులు ఆపి, మళ్లీ పెరుగుతుందేమో చూడకుండా పని పూర్తయిందని సంతకం పెట్టావో, నేనూరుకోను. ఆ ద్రావకాన్ని సూక్ష్మజీవులతో విరగ్గొట్టిస్తే, హాని చేయని ఇథీన్ దాకా చేరిందో లేదో చూడు. మధ్యలో వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగితే అది క్యాన్సర్ తెచ్చే విషం.

ఆ ఆవిరి పీల్చకు తల్లీ. వాసన తెలియడంలేదు కదా అని మాస్కు తీయకు.

మొదటి బోరు వేసిన రోజు ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి. బంకమట్టి ఎన్ని మీటర్ల దగ్గర తగిలిందో, ఎక్కడ ఆగారో నాకు చెప్పు.

మీ బాబాయి