మార్జిన్‌లో రాసుకున్న మాట

ప్రశ్న: మాస్టారూ, మా తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్‌కి వేటకి ఎందుకు వెళ్తున్నారన్నది నా పీహెచ్‌డీ అంశం. మూడు ఊళ్లలో 140 ఫారాలు నింపాను. ఎక్కువమంది 'ఇక్కడ పని లేదు' దగ్గర టిక్ పెట్టించారు. ఒకావిడ మాత్రం "తండేలు (బోటు నడిపించే పెద్ద) ఇచ్చిన అడ్వాన్సు ఇంటి రేకులకే అయిపోనాది, ఎల్లకపోతే ఎలాగ?" అంది. దానికి ఫారంలో గడి లేక మార్జిన్‌లో రాసుకున్నాను. గైడ్ చూసి 'కారణం తేలలేదు, క్రిటికల్ రియలిజం చదువు' అన్నారు. చదివితే టెన్షన్ పెరిగింది తప్ప ఒక్క ముక్క ఎక్కలేదు.
– పరిశోధక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ఆ పుస్తకాల భాష అలాగే ఉంటుందమ్మా, నేనూ రెండుసార్లు మూసి పక్కన పడేసినవాణ్నే. రాయ్ భాస్కర్ అనే తత్వవేత్త 1975లో సైన్సు గురించి, 1979లో సమాజ శాస్త్రాల గురించి రాసిన పుస్తకాలు ఈ క్రిటికల్ రియలిజానికి పునాది. వాస్తవంలో మూడు పొరలున్నాయంటాడాయన: మన అనుభవానికి అందేది, మనం చూసినా చూడకపోయినా జరిగేది, దాన్ని జరిపించేది.

మీ టిక్ మొదటి పొర. ఆగస్టులో రైలెక్కే జనం రెండోది, మీరు లెక్కపెట్టినా మానినా వాళ్లు ఎక్కుతారు. మూడోది మీ మార్జిన్‌లో ఉంది. ముందే చేతిలో పడి ఖర్చయిపోయే అడ్వాన్సు, ఆ ఇచ్చిన తండేలు ఏ మేనమామో బావో అయితే కాదనలేని మొహమాటం, పెద్ద బోట్లు ఆగడానికి ఇక్కడ సరైన హార్బర్ లేకపోవడం, ఇవన్నీ కలిసి మనిషిని కదిలిస్తున్నాయేమో చూడండి. టిక్ అబద్ధమని కాదు, అక్కడితో ఆగిపోతే మనకు తెలిసినదాన్నే ఉన్నదంతా అనుకున్నట్టు. భాస్కర్ గట్టిగా తప్పుపట్టింది దాన్నే.

జరిగినదాన్ని పట్టుకుని 'ఇలా జరగాలంటే వెనక ఏం ఉండి తీరాలి?' అని వెనక్కి అడగడాన్ని రిట్రోడక్షన్ అంటారు. పేరుకి బెదరకండి, మోటారు ఆగితే మెకానిక్ చేసేదీ ఇంచుమించు అదే.

ఒక తిరకాసు ఉంది. పక్క ఊళ్లో అదే పేదరికం, అదే అడ్వాన్సు ఆశ, అయినా ఎవరూ కదల్లేదనుకోండి, మీ కారణం తప్పయిపోయినట్టేనా? కానక్కర్లేదు. ల్యాబ్‌లో అయితే మిగతా ప్రభావాలను మూసేయొచ్చు, ఊరిని మూయలేం కదా. అడ్వాన్సు లాగుతున్నా, ఇంట్లో ఆడవాళ్ల చేపల అమ్మకం ఆ లాగుడికి అడ్డుపడుతూ ఉండొచ్చు. అలాగని కనిపించని కారణాలు ఊహించి రాసేస్తే అది పరిశోధన కాదు, సోది. (ఈ పేరు మీద వచ్చే థీసిస్‌లలో సగం నాకు అలాగే అనిపిస్తాయి, మొదటి అధ్యాయంలో భాస్కర్, ఆఖర్లో మళ్లీ శాతాలు!) మీ వివరణకి పోటీ వివరణ ఒకటి పెట్టుకుని, ఏది నిలుస్తుందో ఊళ్లోనే తేల్చుకోవాలి.

కొత్త ఫారాలు అచ్చు వేయించొద్దు. అడ్వాన్సు కాదన్న ఇళ్లు, ఒక ఏడు వెళ్లి మరుసటి ఏడు మానేసిన ఇళ్లు ఓ పదిహేను వెతికి తీరిగ్గా కూర్చోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మగవాళ్లు కూడా ఇంటి దగ్గరే దొరుకుతారు.