జావా ప్రశ్నలు – జవాబులు: రెండో పేజీలో చూసిన బిల్లే మూడో పేజీలోనూ!

ప్రశ్న: బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలకు బిల్లింగ్ అప్లికేషన్ చేస్తున్నాం. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాం. బిల్లుల జాబితా కోసం బిల్లులు, వస్తువులు టేబుళ్లను జాయిన్ చేసి (కలిపి), గ్రూప్ బై పెట్టి (బిల్లువారీగా గుంపు చేసి), జేడీబీసీ టెంప్లేట్‌తో (జావా నుంచి డేటాబేస్‌కు క్వెరీ పంపే సాధనం) సొంతంగా క్వెరీ రాశాను. చివర లిమిట్ (ఎన్ని వరుసలు కావాలి), ఆఫ్‌సెట్ (ముందు ఎన్ని వదిలేయాలి) తగిలించాను. ఒకే బిల్లు రెండు పేజీల్లో కనిపిస్తోంది, ఇంకొకటి ఎక్కడా కనిపించట్లేదు. మొత్తం బిల్లుల సంఖ్య అసలుకు నాలుగైదింతలు చూపిస్తోంది. పాత నెలల పేజీలకు వెళ్లేకొద్దీ స్క్రీన్ నిదానమైపోతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ ఆర్డర్ బై, అంటే వరుసల క్రమం చెప్పే భాగం, చూడండి. అందులో బిల్లు తేదీ ఒక్కటే ఉండి ఉంటుంది. దీపావళి ముందు బేగంబజార్‌లో ఒక్క తేదీకే ఎన్ని బిల్లులు పడతాయో మీకు తెలుసు. ఒకే తేదీ ఉన్న బిల్లుల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది మనం చెప్పనంతవరకు డేటాబేస్ ఇష్టం. రెండో పేజీకి ఒకలా, మూడో పేజీకి ఇంకోలా ఇవ్వొచ్చు. ఆర్డర్ బై బిల్లు_తేదీ డెస్క్, ఐడీ డెస్క్ అని రాయండి (డెస్క్ అంటే DESC, పెద్దది ముందు). ఐడీ ఎప్పుడూ రెండుసార్లు రాదు కాబట్టి క్రమం కదలదు.

మొత్తం సంఖ్య సంగతి. జాయిన్ ఉన్న క్వెరీనే తీసుకుని, గ్రూప్ బై తీసేసి, కౌంట్(*) పెట్టి ఉంటారు. మూడు బిల్లుల్లో 4, 1, 5 వస్తువులుంటే జాయిన్ తర్వాత 10 వరుసలు వస్తాయి, కౌంట్ కూడా 10 అంటుంది. లెక్కకు వస్తువుల టేబుల్ అక్కర్లేదు, బిల్లుల టేబుల్ మీద అవే వేర్ (WHERE, వడపోత) షరతులతో కౌంట్ చేయండి. వస్తువు పేరుతో వెతికే ఫిల్టర్ ఉంటే జాయిన్ బదులు ఎగ్జిస్ట్స్ (అలాంటి వరుస ఉందా లేదా అని మాత్రమే చూసేది) వాడండి. రెండు క్వెరీల షరతులనూ జావాలో ఒకే మెథడ్ నుంచి తయారు చేయండి. లేకపోతే రేపు ఎవరో ఒకదానికి ఫిల్టర్ కలిపి రెండోదాన్ని మరిచిపోతారు, చివరి పేజీలు ఖాళీగా వస్తాయి.

ఇక నిదానం. అసలు పని ఇక్కడే ఉంది. ఆఫ్‌సెట్ 50000 లిమిట్ 20 అంటే డేటాబేస్ నేరుగా 50001వ వరుసకు దూకదు. ముందున్న 50000 వరుసలనూ తయారు చేసి పారేస్తుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో మెట్లవారీగా చూపే కమాండ్) వేసి చూడండి, లిమిట్ కింది మెట్టులో 50020 వరుసలు కనిపిస్తాయి. మీ క్వెరీలో ఇంకో బరువు కూడా ఉంది: గ్రూప్ బై అయ్యాకే లిమిట్ పడుతుంది కాబట్టి, పారేయబోయే బిల్లులకు కూడా వస్తువుల మొత్తాలు కూడుతోంది. 

అందుకే ముందు ఒక పేజీకి సరిపడా బిల్లులను కోయండి, తర్వాత వస్తువులు కలపండి. లోపలి సబ్‌క్వెరీలో బిల్లుల టేబుల్ ఒక్కటే ఉండాలి. వేర్ దుకాణం_ఐడీ = ? అండ్ (బిల్లు_తేదీ, ఐడీ) < (?, ?), ఆపైన ఆ ఆర్డర్ బై, లిమిట్ 21. ఆ ప్రశ్నార్థకాల్లోకి వెళ్లేవి దుకాణం ఐడీ, ఇంతకుముందు పేజీలో చూపించిన ఆఖరి బిల్లు తేదీ, దాని ఐడీ. మొదటి పేజీకి ఈ పోలిక షరతు ఉండదు. బయట వస్తువులను లెఫ్ట్ జాయిన్ (వస్తువులు లేని బిల్లునూ ఉంచే జాయిన్) చేసి గ్రూప్ బై పెట్టండి, ఆర్డర్ బై బయట కూడా మళ్లీ రాయండి. లోపలి క్రమం బయటికి వస్తుందన్న హామీ లేదు. 21వ వరుస వస్తే 'తర్వాతి పేజీ' బటన్ చూపించండి, దాన్ని జాబితాలో పెట్టకండి. దుకాణం_ఐడీ, బిల్లు_తేదీ, ఐడీ మూడింటి మీదా ఈ వరుసలోనే ఒక ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు సూచిక) కావాలి. బిల్లు_తేదీ నాట్ నల్ (ఖాళీగా ఉండకూడనిది) అయి ఉండాలి, నల్ ఉన్న బిల్లు ఈ పోలికలో నిలవదు, జాబితాలోంచి జారిపోతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. యూజర్ రెండో పేజీ చూస్తుండగా కౌంటర్‌లో కొత్త బిల్లు పడితే ఆఫ్‌సెట్ పద్ధతిలో అన్నీ ఒక మెట్టు కిందికి జరుగుతాయి, చూసిందే మళ్లీ కనిపిస్తుంది. ఆర్డర్ బైకి ఐడీ కలిపినా అది ఆగదు. ఆఖరి బిల్లుతో పోల్చే ఈ పద్ధతిలో ఆ బాధ లేదు. నష్టం ఒక్కటే, నేరుగా 57వ పేజీకి వెళ్లలేరు. పాత బిల్లు కావాలన్నవాళ్లకు తేదీ ఫిల్టర్ ఇవ్వండి, పేజీ నంబర్ కన్నా అదే పనికొస్తుంది. వెనక్కి వెళ్లే బటన్‌కు పేజీలోని మొదటి బిల్లు వివరాలు పంపి, గుర్తును > చేసి, డెస్క్‌ను ఆస్క్ (ASC, చిన్నది ముందు) చేసి, వచ్చిన జాబితాను జావాలో తిరగేయండి.

చివరగా ఒక జాగ్రత్త. ఏ కాలమ్ మీద సార్ట్ చేయాలో బ్రౌజర్ నుంచి వస్తే దాన్ని ఆర్డర్ బైలో ? గా ఇవ్వకండి. డేటాబేస్ దాన్ని కాలమ్‌గా కాక మామూలు విలువగా తీసుకుంటుంది, ఎర్రర్ రాదు, క్రమమూ మారదు. స్ట్రింగ్‌గా నేరుగా అతికిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (బయటివాళ్లు తమ ఆదేశాలను మన క్వెరీలోకి చొప్పించే దాడికి) తలుపు తీసినట్టే. అనుమతించిన కాలమ్‌లను ఒక మ్యాప్‌లో పెట్టి అందులోంచే తీసుకోండి. పేజీ సైజ్‌కూ 100 లాంటి గరిష్ఠ పరిమితి పెట్టండి.

ప్రశ్న: హైబర్నేట్‌లో (జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లకు ముడిపెట్టే లైబ్రరీ) జాయిన్ ఫెచ్ (అనుబంధ వరుసలనూ ఒకేసారి తెచ్చేది) పెట్టి పేజబుల్ (ఏ పేజీ, ఎన్ని వరుసలు అని చెప్పేది) ఇస్తే లాగ్‌లో హెచ్‌హెచ్‌హెచ్000104 అనే హెచ్చరిక వస్తోంది. ఫలితం సరిగ్గానే ఉంది కదా, వదిలేయొచ్చా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వదిలేయకండి. కలెక్షన్‌ను (బిల్లులోని వస్తువుల్లాంటి జాబితాను) జాయిన్ ఫెచ్ చేసినప్పుడు హైబర్నేట్ డేటాబేస్‌కు లిమిట్ పంపదు. మొత్తం వరుసలను మెమరీలోకి తెచ్చుకుని అక్కడ పేజీ కోస్తుంది. టెస్టింగ్‌లో నూరు వరుసలకు తెలియదు, ప్రొడక్షన్‌లో లక్షలకు చేరితే మెమరీ చాలక సర్వర్ పడిపోతుంది. క్వెరీని రెండుగా విడదీయండి: మొదటిది జాయిన్ లేకుండా ఒక పేజీకి కావలసిన ఐడీలు మాత్రమే తేవాలి, రెండోది వేర్ ఐడీ ఇన్ అంటూ ఆ ఐడీలకు మాత్రం జాయిన్ ఫెచ్ చేయాలి. రెండోదానికి పేజబుల్ ఇవ్వకండి, ఆర్డర్ బై మాత్రం మళ్లీ ఇవ్వండి. ఇన్‌లో ఐడీలు ఏ వరుసలో ఇచ్చారో ఆ వరుసలోనే ఫలితాలు వస్తాయనుకోకూడదు.