ఉక్కు దిమ్మెలో ఉన్నది రంధ్రమా, గుల్లా?

సందేహం: పాలిటెక్నిక్ పిల్లల కోసం ఒక పాఠాన్ని తెలుగులో రాస్తున్నాను. ‘రంధ్రాలున్న ఉక్కు కడ్డీలను హాట్ రోలింగ్ చేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి’ అన్నాను (హాట్ రోలింగ్ అంటే బాగా కాల్చిన ఉక్కును రోలర్ల మధ్య అదిమి సాగదీయడం). రంధ్రాలు అనకూడదు, ‘సచ్ఛిద్రత’ అనాలి అంటారు మా సహోద్యోగి. ఏది సరి?

సమాధానం: సచ్ఛిద్రత తప్పు కాదు. ఛిద్రాలతో కూడినది సచ్ఛిద్రం, ఆ గుణం సచ్ఛిద్రత. కానీ అర్థం తెలియాలంటే పిల్లలు ముందు ఆ మాటను విడదీసుకోవాలి. ‘రంధ్రం’ తేలికే గానీ ఇక్కడ అతకదు. సూదికి బెజ్జం, కుండకు చిల్లు, గోడకు కన్నం అంటాం. రంధ్రమన్నా మనసుకు తోచేది ఇలా బయటికి తెరుచుకున్నదే. చెదపట్టిన గుమ్మం చూడండి. పైన రంగు చెక్కుచెదరదు, వేలితో కొడితే చప్పుడు మారిపోతుంది. అప్పుడు ‘గుల్లబారింది’ అంటాం. మీకు కావలసిన మాట ‘గుల్ల’.

అయితే ఉక్కు దిమ్మెను (మీరు కడ్డీ అన్నదాన్నే, కారణం చివర్లో చెబుతాను) ‘గుల్లబారిన’ అనకండి. మొదట గట్టిగా ఉండి తర్వాత పాడైనదానికి ఆ మాట. దిమ్మె పోత పోసినప్పుడే గుల్ల. కరిగిన ఉక్కు గడ్డకట్టేటప్పుడు సుమారు 3 శాతం కుంచించుకుపోతుంది, అందులో కరిగి ఉన్న వాయువులు బుడగలు కడతాయి. కనుక ‘లోపల గుల్లగా ఉన్న’ అనండి. ‘డొల్ల’ కూడా వద్దు, అది నడుమంతా ఖాళీ అనిపిస్తుంది.

నాకు అసలు పట్టింపు ‘మూసుకుపోతాయి’ దగ్గర. మూసుకోవడం వేరు, అతుక్కోవడం వేరు. మడత చపాతీకి నూనె రాసి, పొడిపిండి చల్లి మడిచి ఒత్తుతాం. ఖాళీ ఉండదు, అయినా కాల్చాక పొరలు విడిపోతాయి. ఉక్కులోనూ అంతే. 1200 డిగ్రీల దగ్గర్లో రోలర్ల మధ్య తగినంత ఒత్తిడి పడితే, గాలి తగలని లోపలి ఖాళీ గోడలు శుభ్రంగా ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి అతుక్కుని ఏకమవుతాయి. దిమ్మె తలభాగంలో గరాటులా దిగే గుంట గాలికి తెరుచుకుని ఉంటుంది. దాని గోడలకు ఆక్సైడ్ పొర పడుతుంది. ఎంత అదిమినా మూసుకుంటుందే తప్ప అతుక్కోదు, అందుకే ఆ ముక్క కోసేస్తారు. చూశారా, బయటికి తెరుచుకున్నదా, లోపలే ఉన్నదా అని మన మాటలు చూపే తేడానే ఉక్కు కూడా పాటిస్తోంది! ఈ ఒక్క కారణం చాలు, ‘గుల్ల’ను పాఠంలోకి తెచ్చుకోవడానికి.

‘కడ్డీ’ అంటే పిల్లలకు కిటికీ ఊచ మెదులుతుంది. టన్నుల బరువున్నదాన్ని ‘దిమ్మె’ అనండి, లేదా ఇంగాట్ అనే ఉంచండి. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఎడతెగకుండా పోత పోసి తీసే పొడవాటి ఉక్కు దిమ్మెలను అక్కడివారు బ్లూములనే అంటారు, దానివల్ల తెలుగుకు లోటేమీ రాలేదు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘లోపల గుల్లగా ఉన్న ఉక్కు దిమ్మెను హాట్ రోలింగ్ చేసినప్పుడు, గాలి తగలని ఖాళీలు ముందు మూసుకుని, తగినంత వేడి, ఒత్తిడి ఉంటే పూర్తిగా అతుక్కుపోతాయి.’